మేత కోత

రొయ్యకు మేత ఎంత వెయ్యాలని చెంచురామయ్యను అడిగితే నోటితో చెప్పడు, చెక్ ట్రే ఎత్తి చూపిస్తాడు. అడుగున వల బిగించిన పళ్ళెం అది. గుప్పెడు మేత వేసి తాడుతో గుంటలోకి దింపుతారు, రెండు గంటలకు పైకి తీస్తారు. పళ్ళెం ఖాళీ అయితే రొయ్యలు ఆకలి మీద ఉన్నట్టు. మేత మిగిలితే తరవాతి పూటకు కోత. మిగిలిన మేత అడుగున కుళ్ళి గుంటనే చెరుపుతుంది కాబట్టి ఈ విషయంలో ఆయనకు జాలీ లేదు, మొహమాటమూ లేదు. కొడవలూరులో వరి పండించుకునే మనిషి, ఏడేళ్ళ కిందట జువ్వలదిన్నె దిక్కున సముద్రానికి దగ్గరగా భూమి కౌలుకు తీసుకొని నాలుగు గుంటలు తవ్వించాడు. ఈ ఏడేళ్ళలో నేర్చుకున్న వాటిలో ఆయనకు బాగా వంటబట్టింది ఈ పళ్ళెం పాఠమే. పెళ్ళిభోజనాల్లో కూడా విస్తళ్ళలో ఏం మిగిలిందో చూసుకుంటూ నడుస్తాడని ఆయన భార్యే చెప్పి నవ్వుతుంది.

ఆ పాఠాన్ని కంప్యూటరుకు కూడా నేర్పబోవడమే ఆ మంగళవారం గొడవంతటికీ మొదలు.

మేత సంగతిలో ఎంత నిక్కచ్చో కరెంటు సంగతిలోనూ అంతే. గుంటనీళ్ళను చిలికి గాలి కలిపే చక్రాలు, అవే ఏరేటర్లు, పగటిపూట ఊరికే తిరగడం ఆయన కంటపడితే ఆ రోజు అందరికీ మూడినట్టే. అందుకని స్టార్టరు పెట్టెకు తాళం వేయించి, తాళంచెవిని ఆఫీసులో కంప్యూటరు వెనక మేకుకు తగిలించాడు. రాత్రిళ్ళు ఎటూ తిప్పక తప్పదు గనక పొద్దుగూకే వేళకు అది కాపలా హెబ్రోను చేతికి వస్తుంది, తెల్లవారాక మళ్ళీ మేకుకు చేరుతుంది. పగలు మాత్రం రూలు ఒక్కటే. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు, రొయ్యల రైతులు డీఓ అనేది, నాలుగు కంటే కిందికి పోతేనే తాళంచెవి మేకు దిగాలి.

ఆ మేకు కింద కూర్చునే మనిషి జబీనా. బిట్రగుంటలో బట్టలు కుట్టే అమీర్ బాషా కూతురు. ఇరవై నాలుగేళ్ళది, డిగ్రీ చదివింది. తండ్రికి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యేంతగా చూపు మందగించిన ఏడాదే ఈ రేకుల షెడ్డులో ఉద్యోగానికి చేరింది. మేత ఆర్డర్లు, ల్యాబ్ రిపోర్టులు, కొనేవాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు అన్నీ ఆమె పనే. గుంటలో సెన్సారు వేయిద్దామని చెంచురామయ్యను ఆరునెలలు వెంటబడి ఒప్పించింది కూడా ఆమే. అంతకుముందు హెబ్రోను పూటకోసారి సీసాలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి డీఓ చెప్పేవాడు. సెన్సారు వచ్చాక ఆ సీసా అటకెక్కింది. ఇప్పుడు ఒక వెబ్ పేజీ ఉంది. నిమిషానికోసారి అంకె మారుతుంది. ఆ పేజీ తెరిచి పెట్టుకుంటే చాలు, వేరే ఏ పని చేసుకుంటున్నా పైన ట్యాబు మీద ఆ అంకె కనబడుతూనే ఉంటుంది. నాలుగు దాటి కిందికి పోతే కుయ్ మని మోగుతుంది. ఫోనుకు కూడా మెసేజీ వచ్చే ఏర్పాటు ఒకటి ఉండేది గానీ, మనిషి పొద్దస్తమానం కంప్యూటరు ముందే ఉండగా ఇంకా ఫోనుకెందుకని చెంచురామయ్య దాన్ని పోయిన నెలే ఆపించేశాడు.

నాలుగు గుంటల్లో మూడు ఎండి బీటలువారి ఉన్నాయి. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగానికి పోయాయి. నీళ్ళున్నది రెండో గుంటలో ఒక్కదాంట్లోనే. ఆ పంట చేతికి వచ్చింది. బుధవారం తెల్లారే వలలు వేసి రొయ్యల పట్టుబడి, ఐసు వేసుకొని వ్యాను రావడమే తరువాయి. ఇదీ పోతే గుంటలు పూడ్చేసి మళ్ళీ వరిలోకి దిగుతానని చెంచురామయ్య అందరి ముందూ చెప్పేశాడు. అంటే జబీనా బిట్రగుంటకు, హెబ్రోను మళ్ళీ సముద్రం మీద చేపల వేటకు. మాట అంటే నిలబడే మనిషి కాబట్టి దాన్ని ఎవరూ బెదిరింపు అనుకోలేదు.

మంగళవారం పొద్దున కొనేవాళ్ళ సైటులో రొయ్యల పరీక్ష రిపోర్టులు ఎక్కించాలి. సాయంత్రం అయిదు గడువు. కంప్యూటరేమో మొండికేసింది. ఒక బొత్తాం నొక్కితే కాసేపు ఆలోచించుకొని గానీ కదలడం లేదు. వెనక నిలబడ్డ చెంచురామయ్య ఓపిక నశించి అడిగాడు.

"ఏందమ్మే దానికి రోగం?"

"మెమరీ చాలడంలేదు సార్. ఉండేది నాలుగు జీబీ. బ్రౌజరే మూడుకు పైన తీసుకుంటా ఉంది." ఏ ప్రోగ్రాము ఎంత వాడుతోందో చూపించే జాబితా తెరిచి చూపించింది. బ్రౌజరు అన్నిటికన్నా పైన కూర్చొని ఉంది.

"నాలుగులో మూడా? ఇంకెవురినీ బతకనీదా?"

కంప్యూటరు అమర్చిన నెల్లూరు పెంచలకృష్ణకు జబీనా ఫోను కలిపి స్పీకరులో పెట్టింది. అతను తాపీగా చెప్పాడు.

"మెమరీ అనేది వాడుకోడానికే గదన్నా. ఖాళీగా పెట్టుకుంటే ఏం లాభం? బ్రౌజరు తినేది తిననీ. తెరిచిన పేజీలన్నిటినీ సిద్ధంగా పట్టుకొని కూర్చోవాలంటే అంత కావాలి దానికి. ఇంకో నాలుగు జీబీ ముక్క యేయించు, అన్నిటికీ సరిపోద్ది."

"ఎవురికైనా తినేదెంత, పారబోసేదెంత అని చూడొద్దంటయ్యా?" అని చెంచురామయ్య ఫోను పెట్టేయించాడు. తర్వాత తెర మీదికి వంగి, పైన వరసగా ఉన్న ట్యాబులు వేలితో లెక్కబెట్టాడు. "పదిహేడు ఉండాయి. నువ్వు చూసేది ఒకటి. మిగతా పదహారూ ఎవురికోసం మేస్తా ఉండాయి? పళ్ళెంలో మేత మిగిలితే ఏం జేస్తాం?"

"కోత వేస్తాం సార్."

"మరి వెయ్యి."

ఆ మాట జబీనాకు కూడా సబబుగానే తోచింది. రెండేళ్ళుగా పళ్ళెం పాఠం వింటున్న మనిషి కదా. సెట్టింగుల్లో మెమరీ సేవర్ అని ఒకటి ఉంటుందని ఆమెకు తెలుసు. చూడని ట్యాబులను అదే నిద్రపుచ్చుతుంది, మళ్ళీ నొక్కితే లేపుతుంది. ఎంత గట్టిగా కోత వెయ్యాలో మూడు మెట్లుంటే అన్నిటికన్నా పై మెట్టు నొక్కింది. దాని కిందే, ఎప్పుడూ మేలుకొని ఉండాల్సిన సైట్లు ఏవైనా ఉంటే రాయమని ఖాళీ పెట్టె ఒకటి ఉంది. వెనకాల మనిషి తొందరపెడుతుంటే చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు? ఆ పెట్టెలో ఒక్క పేరు రాసి ఉంటే ఈ కథే లేదు.

పని మాత్రం చకచకా సాగింది. మూలుగుతున్న కంప్యూటరు లేడిపిల్లలా లేచింది. చెంచురామయ్య మీసం దువ్వుకొని, "చూసినావా? నెల్లూరోడు ముక్క అమ్ముకోవాలని జూసినాడు" అని, ఐసు సంగతి చూసుకోవడానికి బండెక్కి హార్బరుకు వెళ్ళిపోయాడు.

పదకొండూ ఇరవైకి డీఓ ట్యాబు నిద్రపోయింది. నిద్రపోయే ముందు దాని మీదున్న అంకె 4.9. నిద్రలోనూ అదే అంకెను నెత్తిన పెట్టుకొని ఉంది. మూసేసినట్టు గానీ మసకబారినట్టు గానీ ఏమీ లేదు. జబీనా రిపోర్టులు ఎక్కిస్తూ మధ్యమధ్య తలెత్తి చూసుకుంది. 4.9. బాగానే ఉంది. నొక్కి చూడలేదు. ఆ పేజీలో గ్రాఫులు, బొమ్మలు బోలెడు. నొక్కితే అవన్నీ తెరుచుకొని కంప్యూటరు మళ్ళీ మొండికేస్తుందని భయం. పన్నెండుకు రిజిస్టరులో 4.9 రాసింది. ఒంటిగంటకు రాసింది. రెండింటికి అన్నం డబ్బా మూత పెట్టేసి మళ్ళీ రాసింది.

బయట రెండురోజులుగా ఎండ మొహం లేదు. మబ్బు కమ్ముకొని ఉంది, వాన పడదు, గాలి వీచదు. సముద్రం అంత దగ్గర ఉండి కూడా కొబ్బరాకు కదలడం లేదు. ఎండ ఉంటే నీళ్ళలోని పచ్చటి నాచు ఊపిరి పోస్తుంది. ఎండ లేకపోతే అదే రొయ్యలతో పాటు ఊపిరి లాక్కుంటుంది. ఇది జబీనాకు తెలియంది కాదు. తెలుసు గనకనే మాటిమాటికీ ట్యాబు వైపు చూసింది. ఏం లాభం, ఆమె చూసిందల్లా పదకొండూ ఇరవై నాటి గుంటను.

మూడింటికి పది నిమిషాలుందనగా హెబ్రోను ఫోను చేశాడు. అతనిది జువ్వలదిన్నె. యాభై అయిదేళ్ళు ఉంటాయి, ముప్ఫై ఏళ్ళు సముద్రం మీద బతికినవాడు.

"పాపా, అంకె ఎంతుండాది?"

"నాలుగు పాయింట్ తొమ్మిది అన్నా. ఏం?"

"నీళ్ళ రంగు తిరిగినట్టుండాది. పొద్దున పచ్చగా ఉన్నింది, ఇప్పుడు టీ రంగుకొచ్చింది. కొంగలు కూడా ఈ గట్టునే దిగతా ఉండాయి. ఒక గంట చక్రాలు తిప్పుదామా?"

జబీనా మళ్ళీ తలెత్తి చూసింది. 4.9. మేకుకు తాళంచెవి వేలాడుతోంది. చెంచురామయ్య మొహం గుర్తొచ్చింది. పట్టుబడి ముందురోజు, పట్టపగలు, దాదాపు అయిదు ఉన్నప్పుడు ఏరేటర్లు తిప్పానని చెబితే ఆయన ఏమంటాడో కూడా వినబడినట్టయింది.

"అయిదుకు దగ్గర్లో ఉందన్నా. భయం లేదు. దిగితే నేనే తాళంచెవి తీసుకొని వస్తా."

"నా కంటికట్ట లేదు పాపా."

"నీ కంటికంటే మిషనుకు బాగా తెలుస్తుంది గదన్నా." నవ్వుతూనే అంది. తర్వాత ఆ నవ్వును తలుచుకొని చాలాసార్లు సిగ్గుపడింది.

"సరే పాపా, నువ్వు అట్టంటే అట్టే" అని హెబ్రోను ఫోను పెట్టేశాడు.

మూడు కొట్టింది. జబీనా రిజిస్టరు తీసింది. మూడు గంటల గడిలో నాలుగు రాసి, చుక్క పెట్టి, తొమ్మిది రాయబోతూ కలం ఆపింది. ఆ గడికి పైన 4.9. దాని పైన 4.9. దాని పైన 4.9. పేజీ వెనక్కి తిప్పింది. సోమవారం 5.2, 5.6, 5.4, 5.1. ఆదివారం 5.3, 5.8, 6.0, 5.7. నెలలో ఏ రోజు చూసినా వరసగా రెండు గడుల్లో ఒకే అంకె లేదు. ప్రాణం ఉన్న నీళ్ళు అవి, ఒక్కచోట ఎలా నిలబడతాయి?

ట్యాబు నొక్కింది.

తెల్లటి పేజీ వచ్చింది. మధ్యలో చిన్న సున్నా గిరగిర తిరుగుతోంది. నిద్రలేపిన పేజీ మొదటినుంచి తెరుచుకోవాలి, అందుకు మెమరీ కావాలి, ఆ మెమరీ కోసం ఇంకో పేజీ నిద్రపోవాలి. జబీనా కుర్చీలోంచి లేచి నిలబడింది. "యా అల్లా, తొందరగా, తొందరగా" అంటోంది. పైన పేరు వచ్చింది. గుంట బొమ్మ వచ్చింది. అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు వచ్చాయి. ఆ గీతలు పోయి 2.3 వచ్చింది.

అప్పుడు మోగింది కుయ్ మని, ఎంత ఆలస్యంగానో.

రెండు దాటి కిందికి దిగితే రొయ్యలు చావడం మొదలవుతుంది. తాళంచెవిని మేకు మీంచి లాగేసరికి మేకు కూడా ఊడి వచ్చింది. హెబ్రోనుకు ఫోను చేస్తూ స్కూటీ ఎక్కింది. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. మోగుతోంది. నా మీద కోపంతో ఊళ్ళోకి వెళ్ళిపోయాడేమో అనుకుంది. రెండో గుంట ఆఫీసుకు అర కిలోమీటరు. మట్టి గట్టు, మొన్నటి జల్లుకు బంక తేలి ఉంది. సగం దూరంలో వెనక చక్రం జారి స్కూటీ గుంటవైపు ఒరిగింది. దాన్ని అలాగే వదిలేసి, చెప్పులు కూడా వదిలేసి పరుగెత్తింది. ఆమె వస్తుంటే గట్టు మీద కొంగలు గుంపుగా లేచాయి. ఆ గుంటమీద అన్ని కొంగలను ఆమె ఎప్పుడూ చూడలేదు.

గట్టు మీద బండరాయి పక్కన హెబ్రోను చొక్కా మడతపెట్టి ఉంది. దాని మీద ఫోను మోగుతోంది.

హెబ్రోను గుంటలో ఉన్నాడు. రొమ్ముల్లోతు నీళ్ళలో నిలబడి, మేత చల్లే థర్మోకోల్ తెప్పను ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో వెదురు గడ ఎత్తి నీళ్ళను బాదుతున్నాడు. బాది, నాలుగడుగులు పక్కకు జరిగి, మళ్ళీ బాదుతున్నాడు. రెండెకరాల గుంటలో ఒక్క మనిషి. తాళంచెవీ, మళ్ళీ ఫోను చేసే తీరికా లేని మనిషికి అంతకన్నా ఏం దారి ఉంది? తెప్ప మీద ఖాళీ సంచి కనిపిస్తోంది. కాపలా పాకలో మిగిలిన అరసంచి ఆక్సిజన్ గుళికలు అప్పటికే చల్లేసినట్టున్నాడు. అతని చుట్టూ నీళ్ళ మీద వేలకు వేలు రొయ్యలు, మీసాలు పైకెత్తి, గాలికోసం మూగి ఉన్నాయి. కొంగలు దిగింది వాటికోసమే.

"పెట్టె తెరువు పాపా!" అని అరిచాడు, బాదడం ఆపకుండానే.

స్టార్టరు పెట్టె తాళం ఉప్పుగాలికి తుప్పు పట్టి ఉంది. చెవి దూరింది గానీ తిరగడం లేదు. జబీనా రెండు చేతులతో పట్టుకొని తిప్పింది. చెవి వంగుతుందేమోనని భయపడి వదిలింది. రాయి తీసుకొని కొట్టింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే మళ్ళీ కొట్టింది.

"కొట్టబాక! పైకి లేపి పట్టుకో. పైకి లేపి, ఎడమ చేతి పక్కకు."

పైకి లేపింది. ఎడమకు తిప్పింది. టక్కుమంది.

మొదటి ఏరేటరు తిరిగింది. రెండోది తిరిగింది. మూడోది ఒకసారి మూలిగి ఆగింది, మళ్ళీ నొక్కితే అందుకుంది. నాలుగోదీ కదిలాక తెల్లటి నురగ నాలుగు పక్కలనుంచీ లేచింది. హెబ్రోను మాత్రం గడ కింద పెట్టలేదు. చక్రాల గాలి చేరని మూల ఒకటుంటే అటు నడిచి, అక్కడ బాదడం మొదలుపెట్టాడు.

ముప్పావు గంటకు నీళ్ళ మీద మీసాలు పలచబడ్డాయి. రొయ్యలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. దిగనివి ఒడ్డు వెంబడి ఎర్రబారి తేలుతున్నాయి. పదింట ఒక వంతు ఉంటాయేమో. మిగతా గుంట బతికింది. హెబ్రోను గట్టెక్కి కూర్చొని దగ్గుతుంటే అప్పుడొచ్చింది చెంచురామయ్య బండి. పడి ఉన్న స్కూటీని దాటుకొని వచ్చినట్టున్నాడు, మొహం అప్పటికే కందిపోయి ఉంది. తేలుతున్న రొయ్యలను చూశాడు. కొంగలను చూశాడు. నేరుగా హెబ్రోను మీదికి వెళ్ళాడు.

"రే, కాపలా అంటే ఇదేనంట్రా? ఈడ కూసోబెట్టి కూడు పెట్టేది దేనికి? గుంట ఇట్టా అయ్యేదాకా కళ్ళు యాడ పెట్టుకున్నావు? తెల్లారితే పట్టుబడి! ఒక్క ఫోను చేసుంటే నీ సొమ్మేం పోయ్యేది?"

హెబ్రోను తలగుడ్డతో మొహం తుడుచుకుంటున్నాడు.

"చెప్పవేం? నోట్లో ఏముండాది? రేపట్నించీ రాబాక. నీ దారి నువ్వు చూసుకో."

అప్పుడైనా చెబుతాడని జబీనా చూసింది. ఫోను చేశానయ్యా, ఆ పాపే వద్దంది అని ఒక్క ముక్క చాలు. హెబ్రోను చొక్కా విదిలించి తొడుక్కోవడం మొదలుపెట్టాడు. ఆమె వైపు కూడా చూడలేదు. సూదిని కంటికి దగ్గరగా పెట్టుకొని దారం కోసం తడుముకునే తండ్రి కళ్ళముందు కదిలాడు. నిజం చెప్పాలంటే ఆమె కొన్ని క్షణాలు ఊరుకుంది. హెబ్రోను పైగుండీ పెట్టుకొని, రెండో గుండీ పెట్టుకునే దాకా ఊరుకుంది. ఆ రెండు గుండీల సేపును ఆమె తనకు తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

"సార్, అన్న ఫోను చేసినాడు."

చెంచురామయ్య తిరిగాడు.

"మూడుకు ముందే చేసినాడు. చక్రాలు తిప్పుదామన్నాడు. నేనే వద్దన్నా. నాలుగు పాయింట్ తొమ్మిది ఉందని చెప్పినా."

"ఉన్నిందా?"

"లేదు సార్. అది పదకొండూ ఇరవై నాటి అంకె. పొద్దున మెమరీకి కోత పెట్టినాం గదా, ఆ కోతలో డీఓ ట్యాబు నిద్రపోయింది. పైన అంకె అట్నే నిలబడిపోయింది. నేను నొక్కి చూడలేదు."

చెంచురామయ్య మొహంలో రక్తం మెల్లగా దిగింది. కోత వెయ్యమన్నది ఎవరో ఆయనకు గుర్తు చెయ్యాల్సిన పని లేదు. అంతకుముందే, నువ్వు చూసేది ఒకటి, మిగతా పదహారూ ఎవురికోసం మేస్తా ఉండాయి అన్న తన గొంతు ఆయన చెవిలో మోగే ఉంటుంది.

"నొక్కమన్నది నేనే గదా" అన్నాడు చివరికి.

"నొక్కింది నేను సార్."

ఆయన స్టార్టరు పెట్టె దగ్గరికి నడిచాడు. తాళానికి ఉన్న చెవిని, ఆ కిటుకు ఆయనకూ తెలుసు కాబోలు, పైకి లేపి ఎడమకు తిప్పి బయటికి లాగాడు. వచ్చి హెబ్రోను ముందు నిలబడ్డాడు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు, నేర్చుకునే వయసూ దాటిపోయింది. తాళంచెవి అందించాడు.

"ఇది ఇంక నీ కాడే పెట్టుకో. పగలైనా, రాత్రైనా. నన్నడగబాక, ఆ పాపనడగబాక. నీ కంటికి ఎట్టుంటే అట్ట జెయ్యి." జబీనా వైపు తిరగకుండానే, "నువ్వు పోయి ఆ రిపోర్టులేవో ఎక్కించు, అయిదు గావస్తా ఉంది" అని వ్యాను వాళ్ళకు ఫోను చేసుకుంటూ గట్టు మీద దూరంగా నడిచాడు.

హెబ్రోను తాళంచెవిని లుంగీ చెంగుకు ముడివేసుకున్నాడు. జబీనా అతని ఎదురుగా నిలబడింది.

"ఎందుకు చెప్పలేదన్నా? ఆయన అంతలేసి మాటలంటా ఉంటే."

"చెప్తే నిన్ను పొమ్మనుండేవాడు" అన్నాడు హెబ్రోను, ముడి గట్టిగా ఉందో లేదో లాగి చూసుకుంటూ. "నన్ను పొమ్మంటే నాకు సముద్రముండాది. నీకేముంది పాపా?"

జబీనా చెప్పుల కోసం వెతుక్కుంటూ వెనక్కి నడిచింది. కళ్ళలో నీళ్ళు నిండి ఒక చెప్పే కనబడింది.

ఆఫీసులో మొట్టమొదట మెమరీ సేవరు తీసేసింది. కంప్యూటరు వెంటనే పాత మూలుగు అందుకుంది. చివరి రిపోర్టు ఎక్కడానికి పదమూడు నిమిషాలు పట్టింది. మధ్యలో చెంచురామయ్య వచ్చి వెనక నిలబడ్డాడు. జాబితాలో బ్రౌజరు మళ్ళీ అన్నిటికన్నా పైన, నాలుగులో మూడుకు మించి తింటూ కూర్చొని ఉంది. డీఓ పేజీ మేలుకొని ఉంది. 3.8 అన్నది వాళ్ళు చూస్తుండగానే 3.9 అయింది.

"తిననీ" అన్నాడాయన. "ఆ నెల్లూరోడికి ఫోను జేసి ఇంకో ముక్క తెమ్మను." అయిదుకు రెండు నిమిషాలుండగా రిపోర్టు ఎక్కినట్టు కబురు వచ్చింది. అంతసేపూ ఆయన నోరు చప్పరించలేదు, గడియారం చూడలేదు.

అయిదు గంటల గడి నింపడానికి జబీనా రిజిస్టరు తీసింది. తెర మీద 4.1 ఉంది. అది రాసి, మూడు గంటల గడిలో సగంలో ఆగిపోయిన అంకెను కాసేపు చూసింది. తర్వాత ఫోను తీసి హెబ్రోనుకు చేసింది. ఈసారి మొదటి రింగుకే ఎత్తాడు.

"అన్నా, నీ కంటికి ఎట్టుండాది?"

హెబ్రోను వెళ్ళి చూస్తున్నట్టున్నాడు. చక్రాల చప్పుడు దగ్గరైంది.

"రొయ్యలన్నీ కింద ఉండాయి పాపా. కొంగలు ఎగిరిపోయినాయి."

4.1 పక్కన జబీనా ఆ మాటే రాసింది.